సెటిల్‌మెంట్ ప్లాన్ ప్రకారం నెలనెలా కడుతున్నా రికవరీ వాళ్లు వదలడం లేదు. ఏం చేయాలి?

ఫోటో_గుంటూరు | జూన్ 20, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నాది చిన్న ఫోటో స్టూడియో. రెండేళ్ల కింద కెమెరా, రెండు లెన్సులు క్రెడిట్ కార్డు మీద కొన్నాను. పెళ్లిళ్లు ఉన్నన్నాళ్లు బాగానే కట్టాను. తర్వాత మూఢం వచ్చింది, దాని వెనకే నాన్నకి పక్షవాతం. నాలుగు నెలలు పైసా కట్టలేదు. వడ్డీ, లేట్ ఫీజులు అన్నీ కలిసి 2,38,000 అయింది. జనవరిలో నేనే బ్రాంచికి వెళ్లి, వాళ్లిచ్చిన నంబరుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. చివరికి 1,98,000కి ఒప్పుకున్నారు. నెలకి 16,500 చొప్పున 12 కిస్తీలు, ప్రతి నెలా 5వ తేదీ లోపు. బ్యాంకు మెయిల్ నుంచి లెటర్ కూడా వచ్చింది. ఫిబ్రవరి నుంచి ఇప్పటిదాకా ఐదు కిస్తీలు, ఒక్క రోజు కూడా ఆలస్యం లేదు.

రెండు వారాల నుంచి కొత్త గోల. ఏదో ఏజెన్సీ అంటారు, రోజుకి ఏడెనిమిది ఫోన్లు. మొన్న రాత్రి ఎనిమిదిన్నరకి కూడా చేశారు. ప్లాన్‌లో ఉన్నానండీ అంటే "అవన్నీ మాకు తెలీదు, మీ పేరు మీద 1,55,500 ఓవర్‌డ్యూ ఉంది, ఈ రోజే సగం కట్టండి" అంటారు. కార్డు తీసుకున్నప్పుడు మా బావ నంబరు రిఫరెన్స్‌గా ఇచ్చాను. ఆయన ఆఫీసుకి చేసి నా గురించి చెప్పారు.

నిన్న సాయంత్రం ఒకతను నేరుగా స్టూడియోకే వచ్చాడు. ఆ టైంలో ఒక పెళ్లికూతురు వాళ్లమ్మ, పిన్ని కూర్చుని ఆల్బమ్‌కి ఫోటోలు ఏరుతున్నారు. వాళ్ల ముందే "బ్యాంకు డబ్బులు ఎగ్గొట్టి ఏసీలో కూర్చున్నావా" అన్నాడు. ఆవిడ మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసి నా వంక చూసింది. వాళ్ల దగ్గర్నుంచి నాకింకా 40,000 రావాలి.

ఎంతో కొంత కట్టి వదిలించుకోమంటారా? రాత్రిళ్లు నిద్ర లేదు, టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_సుబ్బు | జూన్ 20, రాత్రి 11:05

నంబరు బ్లాక్ చెయ్ అన్నా. అంతే.

వకీలు_పద్మజ | జూన్ 21, ఉదయం 7:15

సుబ్బూ, బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి చేస్తారు. పైగా రేపు "కస్టమర్ అందుబాటులో లేడు" అని రాసుకుంటారు. అది ఆయనకే నష్టం.

ఫోటో గారూ, నేను హనుమకొండలో ప్రాక్టీస్ చేస్తాను. ముందు వాళ్లకి విడిగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇస్తే అది ఏ లెక్కలో పడుతుందో మీకూ తెలియదు, బ్యాంకుకీ తెలియదు. నాకు మూడు విషయాలు చెప్పండి. లెటర్‌లో "సెటిల్‌మెంట్" అని ఉందా, "రీస్ట్రక్చర్" (బాకీ తగ్గించకుండా కిస్తీలు మార్చడం) అని ఉందా? కిస్తీ తప్పితే ఏమవుతుందని రాశారు? ఇప్పటిదాకా డబ్బు ఏ ఖాతాలోకి పంపారు?

ఫోటో_గుంటూరు | జూన్ 21, ఉదయం 9:40

మేడమ్, సెటిల్‌మెంట్ అనే ఉంది. "ఒక్క కిస్తీ గడువు దాటినా ఈ ఆఫర్ రద్దవుతుంది, మొత్తం బాకీ కట్టాలి" అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. డబ్బంతా నెట్ బ్యాంకింగ్‌లో కార్డు నంబరుకే పంపాను, ఐదింటి యూటీఆర్ (లావాదేవీ) నంబర్లూ ఉన్నాయి.

నిజం_చెప్తా | జూన్ 21, ఉదయం 10:02

కెమెరా కొనేటప్పుడు తెలియదా తిరిగి కట్టాలని? బ్యాంకు 40,000 వదులుకుంది. వాళ్లూ మనుషులే, అడగకుండా ఎలా ఉంటారు? అందరూ ఇలా సెటిల్‌మెంట్లు చేసుకుంటే సక్రమంగా కట్టేవాళ్లం పిచ్చోళ్లమా?

బెజవాడ_సుబ్బు | జూన్ 21, ఉదయం 10:06

ఆయన కట్టనన్లేదు కదా సామీ. కడుతుంటేనే తిడుతున్నారు అంటున్నాడు. పోస్టు మొత్తం చదువు.

పాత_ఫీల్డ్‌బాయ్ | జూన్ 21, మధ్యాహ్నం 1:30

నేను నాలుగేళ్లు ఇదే పని చేశాను. కార్డుల రికవరీ, ఏలూరు, గుంటూరు, తెనాలి లైన్. మానేశాను కాబట్టి ఉన్నది చెప్తాను.

ఫోటో అన్నా, అతను చెప్పిన అంకె చూడండి. మీ ప్లాన్ 1,98,000. కట్టింది 16,500 చొప్పున ఐదు, అంటే 82,500. మిగలాల్సింది 1,15,500. కానీ అతను 1,55,500 అన్నాడు. అది ఎక్కణ్నుంచి వచ్చింది? పాత బాకీ 2,38,000లోంచి 82,500 తీసేయండి. సరిగ్గా 1,55,500. అంటే మీరు కట్టిన డబ్బు వాళ్ల షీటులో పడుతోంది. ప్లాన్ ఉందన్న సంగతి మాత్రం పడలేదు. ఆ షీటులో మీరు నాలుగు నెలలు ఎగ్గొట్టి, తర్వాత తోచినంత విదిలిస్తున్న మామూలు డిఫాల్టరు.

ఇదెలా జరుగుతుందంటే, నెల మొదట్లో బ్యాంకు నుంచి ఏజెన్సీకి ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. అలొకేషన్ అంటాం. పేరు, కార్డు చివరి నాలుగంకెలు, బాకీ, ఏ బకెట్ (ఎన్ని నెలలుగా ఆగింది), అడ్రసు, రిఫరెన్స్ నంబర్లు. సెటిల్‌మెంట్ ఇచ్చేది బ్యాంకులో వేరే టీమ్. వాళ్లు సిస్టమ్‌లో మీ కార్డుకి ట్యాగ్ పెట్టడం మరిచిపోయారా, మీ పేరు మళ్లీ అలొకేషన్‌లోకి వచ్చేస్తుంది. కుర్రాడికి మీ లెటర్ సంగతి నిజంగానే తెలియదు. తెలిసినా అతనికి లాభం లేదు, కమీషన్ వసూలైన దాని మీదే. 25వ తేదీ దాటితే ఫోన్లు ఇంకా పెరుగుతాయి, కాచుకోండి. నెలాఖరు టార్గెట్ అలాంటిది.

మా టీఎల్ (టీమ్ లీడర్) రోజూ పొద్దున అడిగేది ఒక్కటే, పీటీపీ ఎన్ని వచ్చాయని. పీటీపీ అంటే ఫలానా తేదీకి కడతానని మీ నోటితో మీరు చెప్పడం. "సరేలే, వచ్చే వారం చూస్తా" అని విసుగుతో అన్నా పీటీపీ అని రాసేసుకునేవాళ్లం. ఆ తేదీ దాటితే "మాట తప్పాడు" అని ఇంకో నోట్. అందుకే తేదీ, మొత్తం అసలు నోట్లోంచి రానివ్వకండి. "బ్యాంకుతో రాతపూర్వక ప్లాన్ ఉంది, దాని ప్రకారమే కడుతున్నాను, లెటర్ మెయిల్ చేస్తాను, మీ ఏజెన్సీ మెయిల్ ఐడీ ఇవ్వండి" అంతే. ఇంకో ముక్క మాట్లాడొద్దు.

లెటర్ అందాక బుద్ధున్న టీఎల్ అయితే బ్యాంకుకి పంపి మీ పేరు డీఅలొకేట్ చేయిస్తాడు, అంటే షీటులోంచి తీయిస్తాడు. కమీషన్ రాని ఫైలు అతనికి మాత్రం ఎందుకు?

మనిషి మళ్లీ వస్తే లోపలికి పిలవకండి. ఐడీ కార్డు, బ్యాంకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్ అడగండి. రెండూ దగ్గర పెట్టుకునే రావాలి. ఫోటో తీసుకుంటానని చెప్పండి, మీకు కెమెరా కొత్త కాదుగా. మాలో సగం మంది ఆ మాట వినగానే బండి తీసేవాళ్లం.

ఫోటో_గుంటూరు | జూన్ 21, మధ్యాహ్నం 2:11

అన్నా, ఆ లెక్క నాకు తట్టనే లేదు. పది రోజుల నుంచి ఆ 1,55,500 ఎక్కణ్నుంచి తెచ్చారా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను.

వకీలు_పద్మజ | జూన్ 21, రాత్రి 8:20

ఫీల్డ్‌బాయ్ గారు సగం పని చేసేశారు. మిగతాది నేను చెప్తాను.

ఇక్కడ తప్పు ఏజెన్సీ కుర్రాడిదే అనుకుంటే ఆగిపోతాం. ఏజెంటు ఏం చేసినా జవాబు చెప్పాల్సింది బ్యాంకే. కాబట్టి పోట్లాట అతనితో కాదు, బ్యాంకు ఫిర్యాదుల విభాగంతో, అదీ మెయిల్‌లో. 2022 ఆగస్టు 12న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ చాలా స్పష్టంగా ఉంది. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు, కుటుంబ సభ్యులు, స్నేహితులు, రిఫరెన్స్ ఇచ్చినవాళ్ల జోలికి వెళ్లకూడదు. మీ పోస్టులో ఇవన్నీ ఉన్నాయి. రాత్రి ఎనిమిదిన్నర ఫోను, బావగారి ఆఫీసు, పెళ్లివాళ్ల ముందు మాట.

దానికంటే పాతది ఇంకోటి ఉంది, 2008 ఏప్రిల్‌ది. చాలామంది దాన్ని వాడుకోరు. ఖాతాదారు ఫిర్యాదు పెట్టి ఉంటే, అది తేలేదాకా ఆ కేసుని రికవరీ ఏజెన్సీకి పంపకూడదు. ఊరికే విసిగించడానికి పెట్టిన ఫిర్యాదు అని బ్యాంకు దగ్గర రుజువుంటే వేరే సంగతి. అందుకే ఫిర్యాదు నంబరు తెచ్చుకోవడం ముఖ్యం. ఫోన్‌లో కస్టమర్ కేర్‌తో గంటసేపు అరిచినా నంబరు రాకపోతే అరవనట్టే.

మెయిల్ పెద్దగా అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"నా కార్డు బాకీపై ఫలానా తేదీన మీరు ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటర్ జతచేశాను. ఐదు కిస్తీలు గడువులోపే కట్టాను, యూటీఆర్ నంబర్లు కింద ఉన్నాయి. అయినా నా ఖాతాను రికవరీ ఏజెన్సీకి అప్పగించారు. వారు ప్లాన్‌ను లెక్కలోకి తీసుకోకుండా 1,55,500 అడుగుతున్నారు. లెటర్ ప్రకారం మిగిలింది 1,15,500 మాత్రమే. ఏజెంట్లు ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరికి ఫోన్ చేశారో, ఎక్కడికి వచ్చారో పట్టిక జతచేశాను. నా ఖాతాను ఏజెన్సీ నుంచి వెంటనే ఉపసంహరించి, ప్లాన్ అమల్లో ఉందని రాతపూర్వకంగా తెలపగలరు."

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. సీఎంఎస్ అనే వాళ్ల ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టాలి, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను). 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు. అయితే బ్యాంకుకి రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తిప్పి పంపేస్తారు.

తెనాలి_టు_డల్లాస్ | జూన్ 22, ఉదయం 6:48

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నేను అమెరికాలో ఉంటాను. ఇండియాలో ఒక పర్సనల్ లోన్ ఉంది, ఉద్యోగం పోయినప్పుడు ఆగింది. బ్యాంకుతో మాట్లాడి ఇప్పుడు తక్కువ ఈఎంఐతో కడుతున్నాను. అయినా తెనాలిలో మా అమ్మానాన్నల దగ్గరికి వెళ్లి "మీ ఇల్లు వేలం వేస్తాం" అన్నారట. నాన్నకి డెబ్బై రెండేళ్లు. నిజంగా వేయగలరా?

వకీలు_పద్మజ | జూన్ 22, ఉదయం 8:05

మీ నాన్నగారు కో అప్లికెంట్‌గానో గ్యారంటర్‌గానో సంతకం పెట్టారా? పెట్టకపోతే ఆ అప్పుతో ఆయనకి సంబంధం లేదు. ఇల్లు తాకట్టు పెట్టని పర్సనల్ లోన్‌కి సర్ఫేసీ చట్టమే (తాకట్టు ఆస్తిని బ్యాంకు అమ్ముకోనిచ్చే చట్టం) వర్తించదు. కోర్టుకి వెళ్లి డిక్రీ (తీర్పు) తెచ్చుకుంటే అది అప్పు తీసుకున్న మీ ఆస్తి మీదే. నాన్నగారికి ఇవాళే ఫోన్ చేసి ధైర్యం చెప్పండి. వచ్చినవాళ్లని "మా అబ్బాయికి మెయిల్ చేయండి" అని గుమ్మంలోంచే పంపేయమనండి.

జ్యోతి_సంఘం | జూన్ 22, మధ్యాహ్నం 12:30

మాది జనగామ దగ్గర పల్లె. మాది కార్డు కాదు, మైక్రోఫైనాన్స్ గ్రూపు లోను. నాకు కాలు విరిగినప్పుడు మేనేజరే వచ్చి వారం కిస్తీ సగానికి తగ్గించి పుస్తకంలో రాసి సంతకం పెట్టిండు. ఆయన ట్రాన్స్‌ఫర్ అయ్యిండు. కొత్త పిల్లగాడు వచ్చి పుస్తకం చూడలే, రాత్రి ఎనిమిది దాకా మా అరుగు మీద కూసున్నడు. సెంటర్ లీడర్‌ని పిలిపించి "నీ వల్ల గ్రూపు మొత్తానికి లోను రాదు" అని అందరి ముందట అనిపించిండు. బ్యాంకు కంటే ఆడోళ్ల మాటలే ఎక్కువ గుచ్చుకున్నయి.

వకీలు_పద్మజ | జూన్ 22, మధ్యాహ్నం 1:10

జ్యోతక్కా, మీ రూలు ఇంకా గట్టిది. 2022 మార్చిలో వచ్చిన మైక్రోఫైనాన్స్ నిబంధనల ప్రకారం ఉదయం 9 కంటే ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకి రాకూడదు. వసూలు కూడా ఇద్దరూ అనుకున్న చోటనే. మీరు వరసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావాలి. ఆ పుస్తకంలో సంతకం ఉన్న పేజీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ఎవరికీ ఒరిజినల్ ఇవ్వకండి. లోన్ కార్డు మీద ఫిర్యాదుల నంబరు ఉంటుంది చూడండి.

చీరాల_రాజు | జూన్ 22, సాయంత్రం 5:44

నా కథ కూడా రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది. నాదీ ప్లానే, ఎనిమిది కిస్తీలు. నాలుగో కిస్తీ టైంకి ఏజెంటు వచ్చి "సర్వర్ డౌన్, నాకు ఫోన్‌పే చేయండి, నేను కడతా" అన్నాడు. మంచివాడే, రెండు నెలలుగా వస్తున్నాడు, టీ కూడా తాగేవాడు. 12,000 కొట్టాను. కార్డులో పడలేదు. ప్లాన్ రద్దయింది. అతను ఏజెన్సీ మానేశాడట, ఫోన్ స్విచాఫ్. నా దగ్గర ఉన్న స్క్రీన్‌షాట్‌లో అతని పేరుందే గానీ బ్యాంకు పేరు లేదు. మళ్లీ ప్లాన్ తెచ్చుకోవడానికి ఐదు నెలలు పట్టింది, ఈసారి 22,000 ఎక్కువ.

పాత_ఫీల్డ్‌బాయ్ | జూన్ 22, సాయంత్రం 6:20

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ ఇది నేను కళ్లారా చూశాను. నెలాఖరులో ఒకరి డబ్బు ఇంకొకరి కార్డుకి కట్టి టార్గెట్ సర్దినవాళ్లున్నారు. డబ్బు మీ ఖాతా నుంచి నేరుగా బ్యాంకుకే పోవాలి.

ఫోటో_గుంటూరు | జూన్ 23, రాత్రి 9:15

మెయిల్ పెట్టాను. కాల్ లాగ్ చూసి పట్టిక రాస్తే 16 రోజుల్లో 94 ఫోన్లు తేలాయి. రాసేటప్పుడు చెయ్యి వణికింది.

ఈ లోపు ఇవాళ వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. పైన తక్కెడ బొమ్మ, కింద "అరెస్టు వారెంటు జారీ అగును, సెక్షన్ 138" అని. ఇంకో సందేహం కూడా ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, చేతిలో ఉన్నప్పుడే జూలై కిస్తీ ఈ నెలలోనే కట్టేయనా?

వకీలు_పద్మజ | జూన్ 23, రాత్రి 10:02

138 అనేది చెక్కు బౌన్స్ సెక్షన్. మీరు ప్లాన్‌కి చెక్కులు ఇచ్చారా? ఇవ్వలేదు కదా. ఇచ్చి అది బౌన్స్ అయినా, నోటీసు ఇచ్చి 15 రోజులు టైమివ్వాలి, ఆ తర్వాతే కోర్టు. వారెంటు ఇచ్చేది కోర్టు, ఏజెన్సీ వాట్సాప్ కాదు. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. (ఆటోడెబిట్ పెట్టుకున్నవాళ్లు మాత్రం గుర్తుంచుకోండి. అది బౌన్సైనా చెక్కు లాంటి కేసే అవుతుంది, 2007 పేమెంట్స్ చట్టంలో సెక్షన్ 25.) ఆ పీడీఎఫ్ డిలీట్ చేయకండి, ఫిర్యాదుకి జతచేయండి. కోర్టు పేరుతో దొంగ కాగితం పంపడం, బెదిరించడం పోలీసు ఫిర్యాదుకి కూడా పనికొస్తాయి.

ఒకవేళ లోక్ అదాలత్ నోటీసు వస్తే భయపడకండి, అది రాజీకి పిలుపు. కానీ అక్కడ చదవకుండా సంతకం పెట్టొద్దు. అక్కడిచ్చే అవార్డు (తీర్పు) సివిల్ డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు.

పాత_ఫీల్డ్‌బాయ్ | జూన్ 23, రాత్రి 10:30

ముందుగా కట్టొద్దన్నా! జూన్‌లో రెండోసారి కడితే సిస్టమ్ దాన్ని జూన్ లెక్కలోనే వేసుకుంటుంది. జూలై ఖాళీగా కనబడుతుంది, ప్లాన్ తప్పినట్టు లెక్క. డబ్బు విడిగా పక్కన పెట్టుకుని 1 నుంచి 4వ తేదీ మధ్య కట్టండి. 5వ తేదీ ఆదివారమో సెలవో అయితే ముందే చూసుకోండి.

ఫోటో_గుంటూరు | జూలై 3, మధ్యాహ్నం 3:25

అప్‌డేట్. ఫిర్యాదు నంబరు మర్నాడే వచ్చింది. 25 తర్వాత ఫోన్లు నిజంగానే పెరిగాయి, ఫీల్డ్‌బాయ్ అన్న చెప్పినట్టే. ప్రతిసారీ ఆ ఒక్క వాక్యం, మెయిల్ ఐడీ అడగడం, పెట్టేయడం. నాలుగో రోజుకి వాళ్లే విసిగిపోయారు. ఇవాళ బ్యాంకు నుంచి ఒకావిడ ఫోన్ చేసి "సర్, మీ ప్లాన్ ట్యాగ్ అప్‌డేట్ కాలేదు, సారీ" అన్నారు. రాసి పంపమన్నాను. గంటలో మెయిల్ వచ్చింది, ప్లాన్ అమల్లో ఉందని, ఏజెన్సీ నుంచి వెనక్కి తీసుకున్నామని. జూలై కిస్తీ నిన్ననే కట్టాను.

నిజం_చెప్తా | జూలై 3, సాయంత్రం 4:10

సరే, ఇది బ్యాంకు తప్పే, ఒప్పుకుంటాను. కానీ సిబిల్ క్రెడిట్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, అదీ చెప్పండి ఆయనకి.

వకీలు_పద్మజ | జూలై 3, సాయంత్రం 4:45

న్యాయమైన మాట. సెటిల్డ్ అంటే తక్కువకి ఒప్పుకున్నారని, క్లోజ్డ్ అంటే పూర్తిగా కట్టారని. కొత్త అప్పు ఇచ్చేవాళ్లు ఆ తేడా చూస్తారు. 2023 జూన్ ఆర్‌బీఐ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం రాజీ చేసుకున్న బ్యాంకు కనీసం 12 నెలలు మీకు కొత్త అప్పు ఇవ్వకూడదు, వ్యవసాయ రుణాల సంగతి వేరు. చివరి కిస్తీ కట్టాక నో డ్యూస్ లెటర్ (బాకీ లేదన్న కాగితం) తీసుకుని, రిపోర్టులో బాకీ సున్నా అని పడిందో లేదో చూసుకోండి. తప్పుంటే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకి 100 రూపాయలు ఆలస్యం చేసిన బ్యాంకో, సిబిల్ సంస్థో మీకు ఇవ్వాలి.

ఫోటో_గుంటూరు | ఆగస్టు 9, రాత్రి 9:50

మళ్లీ! ఇంకో ఏజెన్సీ. ఈసారి భయం వేయలేదు, ఒళ్లు మండింది. జూలై 3 నాటి బ్యాంకు మెయిల్ అతనికి ఫార్వర్డ్ చేసి, అదే ఫిర్యాదు నంబరు మీద బ్యాంకుకి ఇంకో మెయిల్ కొట్టాను. రెండు రోజుల్లో ఆగింది.

పాత_ఫీల్డ్‌బాయ్ | ఆగస్టు 9, రాత్రి 10:15

కొత్త నెల, కొత్త షీటు. ఇంకొకసారి రావచ్చు. ఆ మెయిల్ ఫోన్‌లో పిన్ చేసి పెట్టుకోండి.

ఫోటో_గుంటూరు | అక్టోబరు 6, రాత్రి 8:30

తొమ్మిదో కిస్తీ కట్టాను. సెప్టెంబరు నుంచి ఒక్క ఫోన్ లేదు. శ్రావణంలో నాలుగు పెళ్లిళ్లు చేశాను, ఆ డబ్బుతోనే మిగతా మూడూ పక్కన పెట్టేశాను.

ఆ రోజు స్టూడియోలో కూర్చున్న పెళ్లికూతురు వాళ్లమ్మగారు మొన్న ఆల్బమ్ తీసుకెళ్లడానికి వచ్చారు. బ్యాలెన్స్ 40,000 ఇచ్చేశారు. నేను ఆ సంగతి ఎత్తలేదు, ఆవిడే ఎత్తింది. గొంతు తగ్గించి, "బాబూ, మా తమ్ముడి ఇంటికీ ఇట్లాగే వస్తున్నారు, నువ్వేదో మెయిల్ పెట్టావటగా, మీ కుర్రాడు చెప్పాడు. అది మాకూ కాస్త పంపుతావా" అంది.

బెజవాడ_సుబ్బు | అక్టోబరు 6, రాత్రి 8:41

ఆల్బమ్ చివరి పేజీలో ప్రింట్ కొట్టి ఇవ్వన్నా.